వేడి మీద చూడాల్సిన బెల్టు

కారు ఇంజన్ ముందుండే బెల్టు తెగితే, స్టీరింగు వెనకాల బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతుంది. తెగింది బెల్టు, వెలిగేది బ్యాటరీ బొమ్మ. అందుకని కారు నడిపేవాడు ముందు ఎలక్ట్రీషియన్‌నే తిడతాడు. నలభై ఏళ్లు స్పానర్లు పట్టిన నేను కూడా ఒకసారి ఆ బొమ్మ మాటే నమ్మాను. ఆ నమ్మకంతో ఒక మనిషిని పోగొట్టుకున్నాను. ఆయన నిక్షేపంగా బతికే ఉన్నాడు. నా పక్కన లేడు, అంతే.

ఇప్పటి పిల్లలు కారుకు వైరు తగిలించి, తెర మీద జబ్బు పేరు చదువుతారు. మీకు ఈ ముసలాయన గోల దేనికని అనిపించొచ్చు. కానీ ఇంజన్ బాగుచేసే మనుషుల మధ్య వచ్చే జబ్బును ఏ తెర చూపిస్తుందో నాకు తెలియదు. అందుకే చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ల నాటి మాట. రామన్నపేట బస్టాండు దాటి కొంచెం ముందుకు పోతే రోడ్డు పక్కన మాది ఒక రేకుల షెడ్డు. నడుమ ఒక రేకు అడ్డం. ఇటు పక్క మెకానిక్‌ను నేను. అటు పక్క ఎలక్ట్రీషియన్, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దాయన. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. పాతికేళ్లు ఒకే రేకుల కింద ఎండకు కలిసి మాడాం, వానకు కలిసి తడిశాం.

భాయ్ పని చేస్తుంటే చూడాలి. కళ్లద్దాలకు నల్ల దారం కట్టి మెడలో వేసుకునేవాడు. బ్యాటరీలతో, వాటికి కరెంటు నింపే డైనమోలతో మాట్లాడేవాడు. "ఏమైందే నీకు, పొద్దుగాల మంచిగనే ఉంటివి గద" అని డైనమోను ఒళ్లో పెట్టుకుని అడిగేవాడు. కాలిన తీగను వాసన చూసి ఎన్నాళ్ల కిందట కాలిందో చెప్పేవాడు. రెండు వైర్ల చివర చిన్న బల్బు కట్టిన టెస్టు లైటు ఆయన ఆస్తి. పని అయిపోగానే దాన్ని వైరుతో సహా చుట్టి, నడుమ రేకుకు కొట్టిన మేకుకు తగిలించేవాడు. దసరా నాడు నేను నా స్పానర్లకు పసుపు కుంకుమ పెడుతుంటే ఆ టెస్టు లైటు తెచ్చి పక్కన పెట్టేవాడు. "దీనికి గూడ జర బొట్టు వెట్టు తమ్మీ, ఇది గూడ కష్టం జేసేదే" అనేవాడు. రంజాన్ నెలలో నేను చాయ్ తాగాలంటే షెడ్డు వెనక్కి పోయి తాగేవాణ్ణి. తిరిగొచ్చేసరికి నవ్వేవాడు. "ఎన్కకు పోతె వాసన రాదనుకుంటున్నవా? ఈడనే కూసోని తాగు, నా ఉపాసం గంత కచ్చిదేం గాదు."

మా షెడ్డుకు ఒక కట్టడి ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు, పాత ఉస్తాదుల కాలం నుంచి వచ్చింది. ఒకరి పని మీద ఇంకొకరు స్పానర్ పెట్టకూడదు. గిరాకీకి వచ్చినవాడి ముందు ఒకరి పనిని ఇంకొకరు వంకర అనకూడదు. ఇంజన్ నాది, వైర్లూ డైనమో ఆయనవి. చిక్కంతా బెల్టుతోనే. అది కింద ఇంజన్ తిప్పే పుల్లీ మీద మొదలై, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల పంపును తిప్పి, పైన డైనమో పుల్లీని చుట్టి వస్తుంది. అంటే సగం నాది, సగం ఆయనది.

పాతికేళ్లు ఆ సగాల గురించి మాకు ఆలోచనే రాలేదు. ఆ కారు వచ్చాకే వచ్చింది.

అది ఒక పాత డీజిల్ కారు. దాని డ్రైవరు మా పక్క ఊరి పిల్లగాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా మాకు పిల్లగాడే. సెకండ్ హ్యాండులో కొని, చుట్టుపక్కల ఊళ్ల నుంచి యాదగిరిగుట్టకు మొక్కులవాళ్లను కిరాయికి తీసుకుపోయేవాడు. ఒకరోజు గుట్ట దారిలో బెల్టు తెగి కారును తాడుతో లాక్కొచ్చాడు. బెల్టు ఒక అంచు దారాలు దారాలుగా ఊడి ఉంది. బెల్టు అన్నాక తెగుతుంది, కొత్తది వేసి పంపాను. మూడు వారాలకు మళ్లీ అదే, ఆ దారిలోనే. అదే అంచు, అవే దారాలు.

ఒకే అంచు అరుగుతోందంటే ఏదో ఒక పుల్లీ పక్కకు నిలబడిందని అర్థం. పొద్దున్నే అగరుబత్తి ముట్టించి, చల్లటి ఇంజన్ మీద కింది పుల్లీకి ఇనుప స్కేలు ఆనించి చూశాను. నిటారుగా ఉంది. చేత్తో పట్టి ఊపాను, కదల్లేదు. నా పక్క సాఫ్ అనుకున్నాను. రేకు అవతల భాయ్ డైనమో విప్పి బేరింగ్ మార్చాడు, బిగించే చోట వాషర్లు సరిచూశాడు. ఆయన పక్క కూడా సాఫ్. అట్లా సాఫ్‌గా ఉన్న రెండు పక్కల నడుమ బెల్టు తెగుతోంది.

ఇక్కడ మా ఉస్తాద్ గురించి ఒక మాట చెప్పాలి. నల్లగొండలో నాకు పని నేర్పిన పెద్దమనిషి. ఒకసారి రేడియేటర్ మూత వేడి మీద తీసి ముంజేయంతా కాల్చుకున్నాడు. అప్పటి నుంచి మాకు ఒకటే పాఠం. "వేడి ఇంజన్‌ను, కోపంల ఉన్న మనిషిని ముట్టొద్దురా. చల్లారనియ్యి, తర్వాత చెయ్యి వెట్టు." నేను దాన్ని వేదంలా పట్టుకున్నాను. ఏ బండి వచ్చినా చల్లారేదాకా బానెట్ కింద చెయ్యి పెట్టేవాణ్ణి కాదు.

రెండో బెల్టు వేసిన సాయంత్రం చాయ్ తాగుతుంటే భాయ్ గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"తమ్మీ, ఒక్కపారి వేడి మీద చూడరాదూ?"

"చేతులు కాల్చుకునే షోకు నాకు లేదు భాయ్," అని నవ్వాను. మా ఉస్తాద్ మాట కూడా అప్పజెప్పాను.

ఆయన గ్లాసు కడిగి బోర్లించి లేచాడు.

మామూలుగా బండి తయారయ్యాక ట్రయలుకు ఇద్దరం పోయేవాళ్లం. ముందు సీటు భాయ్‌ది. బ్యాటరీ బొమ్మ మీద, మీటరు ముళ్ల మీద ఆయన కన్నేసి కూర్చునేవాడు. నేను వెనక కూర్చుని ఇంజన్ చప్పుడు వినేవాణ్ణి. రైలు గేటు దాకా పోయి వెనక్కి రావడం, అంతే మా ట్రయలు. ఇంజన్ సరిగ్గా కాగేలోపే ఇంటికొచ్చేవాళ్లం. ఈ కారుకూ అట్లాగే చేశాం. చప్పుడు బాగుంది, బొమ్మ వెలగలేదు.

మూడోసారి మధ్యాహ్నం పూట వచ్చాడు డ్రైవరు. గుట్ట దారిలో ఆగిపోయిందట. కొత్తగా పెళ్లయినవాళ్లను మొక్కు తీర్చుకోవడానికి తీసుకుపోతుంటే, వాళ్లు పట్టుబట్టలతో రోడ్డు మీద దిగి, ఇతన్ని నాలుగు మాటలని బస్సెక్కిపోయారు. పిల్లగాడి మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"కాకా, మీ ఇద్దర్ల తప్పెవరిదో తేల్చుండ్రి. ఇంకొక్కపారి గిట్లైతె నా కారెవ్వడెక్కుతడు? ఊళ్లె అందరు దీన్ని ఆగే కారంటుండ్రు."

భాయ్ అప్పటికే డైనమో విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నాడు, తీసి మళ్లీ తుడిచాడు. అప్పటికి కొన్నాళ్లుగా ఆయన కళ్లకు పొర కమ్ముతోంది. షెడ్డులో నాకొక్కడికే తెలుసు. సన్న స్క్రూలు బిగించేటప్పుడు ఆయన అడగకుండానే నేను పోయి లైటు పట్టుకునేవాణ్ణి. అది మా ఇద్దరి నడుమ మాట.

ఆ మాటను ఆ మధ్యాహ్నం రోడ్డు మీద పడేశాను.

"నా పుల్లీ నిటారుగున్నది. ఒకటికి రెండుసార్లు చూసిన. కండ్లు కనవడని మనిషి చేతిల డైనమో వెడితె గిట్లనే ఉంటది మరి."

ఎందుకన్నాను? ఎండ మండుతోంది, పిల్లగాడు నిలదీస్తున్నాడు, నా పేరు పోతోంది. ఇవన్నీ సాకులు. నోరు జారింది అనడం కూడా అబద్ధమే, ఆ మాట నాలుక చివరన సిద్ధంగానే ఉంది. పాతికేళ్ల కట్టడిని ఒక్క మాటతో దాటేశాను.

భాయ్ నా వైపు చూడలేదు. డైనమోను మెల్లగా కింద గోనెసంచి మీద పెట్టాడు. లేచి, మేకుకు ఉన్న టెస్టు లైటు తీసి సంచిలో వేసుకున్నాడు.

"సరే తమ్మీ," అన్నాడు. అంతే. ఇంటికి పోయాడు.

మరునాడు రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మసీదు వెనక గల్లీలో ఆయన ఇల్లు, షెడ్డు నుంచి నడిస్తే పది నిమిషాలు. కోపంలో ఉన్న మనిషి కదా, చల్లారనియ్యి అనుకున్నాను. మా ఇంటామె ఊరుకోలేదు.

"పోయి రారాదూ? ఒక్క మాట అంటె నీ నోరేమన్న అరిగిపోతదా?"

"చల్లారనియ్యవే. ఇప్పుడు పోతె ఇంకింత మండుతడు."

రెండుసార్లు గల్లీ మలుపు దాకా పోయాను కూడా. మలుపులో పాన్ డబ్బా దగ్గర నిలబడి, ఈ రోజు వద్దులే అని తిరిగొచ్చాను. అట్లా ఇరవై రోజులు గడిచాయి. ఒకరోజు ఆ పాన్ డబ్బా అతనే చెప్పాడు, అల్లుడొచ్చి పెద్దాయన్ని కండ్ల ఆపరేషన్‌కు పాలమూరు తీసుకుపోయాడని, ఇల్లు ఖాళీ చేశారని. నేను ఊ అని ఒక పాన్ కట్టించుకుని నమలకుండానే పారేశాను.

ఆ తర్వాత షెడ్డు షెడ్డులా లేదు. డైనమోతో మాట్లాడే గొంతు లేదు. చాయ్ రెండు చెప్పి, ఒకటి చల్లారిపోతే పారబోసిన రోజులున్నాయి. రేకు మీద మేకు ఒంటరిగా ఉండేది. అటుపక్క జాగా కిరాయికి ఇమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారు. వస్తాడు, మనిషున్నాడు అని చెప్పి పంపేశాను.

కారు డ్రైవరు నల్లగొండకు పోయి వేరే డైనమోనే మార్పించుకొచ్చాడు. ఇప్పుడు భాయ్ చెయ్యి ఆ కారులో ఎక్కడా లేదు. నెల తిరగకముందే ఫోన్ చేశాడు.

"కాకా, గుట్ట కిందనే తెగింది. కార్ల ముసలవ్వ ఉన్నది, ఎండల ఉండలేకపోతాంది. బెల్టు తీస్కోని జల్ది రా."

స్కూటరు మీద బెల్టు వేసుకుని పోయాను. కారు నుంచి ఆవిరి వస్తోంది. ముసలవ్వ కొంగు నెత్తిన కప్పుకుని తుమ్మచెట్టు సగం నీడలో కూర్చుంది. చల్లారేదాకా ఆగుదాం అనబోయాను. ఆమె నా వైపు చూసి, "ఎంతసేపైతది కొడుకా?" అంది. ఇక ఆగలేకపోయాను. చేతికి గుడ్డ చుట్టుకుని, నా బతుకులో మొదటిసారి కాగుతున్న ఇంజన్‌లో చెయ్యి పెట్టాను. మణికట్టు కాలింది. బెల్టు ఎక్కించి, నీళ్లు పోయించి, స్టార్ట్ చెయ్యమని వంగి చూశాను.

కింది పుల్లీ ఊగుతోంది.

ఆ పుల్లీ ఒకటే ముక్క కాదు. లోపల బొడ్డు, బయట చట్రం, రెంటి నడుమ ఒక రబ్బరు పొర. ఆ పొర లోపల పట్టు వదిలేసింది. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గట్టిగా ఉంటుంది, స్కేలు ఆనిస్తే నిటారు, చేత్తో ఊపితే కదలదు. వేడెక్కితే మెత్తబడి, బయటి చట్రం వడ్లగింజంత పక్కకు జరిగి తిరుగుతుంది. బెల్టు అంచును కొరుక్కుతింటుంది. కట్టడి ప్రకారం అది నా పక్క. నా పుల్లీ. నేను ఒకటికి రెండుసార్లు చల్లగా చూసిన పుల్లీ.

కాలిన చెయ్యి పట్టుకుని అక్కడే రోడ్డు మీద కూర్చున్నాను. చెయ్యి మండుతోందని డ్రైవరు అనుకున్నాడు. మంట చేతిది కాదు. వేడి మీద చూడరాదూ తమ్మీ అని గ్లాసులోకి చూస్తూ భాయ్ అన్న మాట అప్పుడు వినబడింది.

కొత్త పుల్లీ తెప్పించి వేశాను. రెండుసార్లు గుట్ట దాకా పంపి, వచ్చిన ప్రతిసారీ వేడి మీదే బానెట్ తెరిచి చూశాను. బెల్టు గీత గీసినట్టు తిరుగుతోంది. అప్పుడు డ్రైవర్‌తో అన్నాను.

"పాలమూరు పోదాం పా. నీ ముందల అన్న మాట, నీ ముందలనే వాపసు తీస్కోవాలె."

పాన్ డబ్బా అతని దగ్గర అల్లుడి అడ్రసు తీసుకుని, నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోయాం. నేను ముందు సీట్లో కూర్చున్నాను. పాత పుల్లీ ఒళ్లో సంచిలో ఉంది. వచ్చేటప్పుడు భాయ్ ముందు కూర్చుంటాడు, నేను వెనక్కి పోతాను అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఆయన ఏమంటాడో, నేనేమనాలో దేవరకొండ దాకా నేర్చుకున్నాను. జడ్చర్ల వచ్చేసరికి అన్నీ మరిచిపోయాను.

బిడ్డ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని భాయ్ టేబుల్ ఫ్యాన్ మోటారు విప్పుకున్నాడు. కళ్లద్దాలు లేవు. మేం గల్లీ మొదట్లో ఉండగానే తల ఎత్తాడు.

"తమ్మీ, గింత బక్కగైనవేంది?"

దగ్గరికి పోయి నిలబడ్డాను.

"కండ్లు మంచిగైనయి," అని నవ్వాడు. "నీ నెత్తిల తెల్ల ఎంటికలు లెక్కవెట్టమంటవా?"

సంచిలోంచి పుల్లీ తీసి ఆయన చేతిలో పెట్టాను. డ్రైవర్ని పక్కకు పిలిచి నిలబెట్టాను.

"భాయ్, గా దినం ఈ పిలగాని ముందల నిన్ను అన్న మాట తప్పు. తప్పు నీ డైనమోది గాదు, నా పుల్లీది. కండ్లు కనవడనిది నాకు."

డ్రైవరు తల వంచుకుని, "నాది గూడ తప్పే చాచా, నేనే ఎగదోసిన" అన్నాడు.

భాయ్ పుల్లీని బొటనవేలితో నొక్కి, చట్రాన్ని అటూ ఇటూ కదిపి చూశాడు. లేచి కారు దగ్గరికి పోయాడు.

"బానెట్ తెరువు. ఇంజన్ బంద్ వెట్టకు."

వేడి ఇంజన్ మీదికి వంగి చాలాసేపు చూశాడు. తిరిగే బెల్టును, మాట్లాడే డైనమోను. బానెట్ మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఇగ తెగది తీ."

"నీకు ముందుగాలనే తెల్సా భాయ్?"

"పుల్లీ అని తెల్వది. కాగినంకనే తెగుతాందని తెల్సు. మూడుపార్లు గుట్ట దగ్గరనే తెగింది, ఊళ్లె ఒక్కపారన్న తెగిందా? వేడిల చూడుమని చెప్పిన గద."

"గట్టిగ చెప్పొద్దా?"

"నీ పక్క పని, తమ్మీ. ఒక్కపారి చెప్పుడే ఎక్కువ."

బిడ్డ చాయ్ తెచ్చింది. జొన్నరొట్టెలు చేస్తాను, తిని పోవాలంది. తిన్నాం. షెడ్డు ఎట్లా ఉందని ఆయన అడిగాడు, మేకు అట్లాగే ఉందని చెప్పాను. నవ్వాడు. లోపలికి చూశాను, గోడకు టెస్టు లైటు వేలాడుతోంది. అప్పుడు అడిగాను.

"పోదాం పా భాయ్. నీ జాగా ఎవ్వరికి ఇయ్యలే. రోజు ఊడుస్తున్న."

ఆయన రొట్టె ముక్క తుంచి పళ్లెంలోనే ఉంచాడు.

"నా మనసుల ఏం లేదు తమ్మీ, అల్లా తోడు. నువ్వు ఇంతదూరమొచ్చినవ్, చాలు. గని ఇల్లు ఇడిసిపెట్టిన. ఈడ నా బిడ్డకు నేను కావాలె, ఈ గల్లీల ఫ్యాన్లన్ని నా తానకే వస్తున్నయి. ఇగ వేర్లు పట్టినయి." కొంచెం ఆగి, నా కాలిన మణికట్టు వైపు చూస్తూ అన్నాడు. "గా దినమే, పొద్దుగూకంగ ఒక్కపారి ఇంటికొచ్చి ఉంటివా, తెల్లారి వచ్చి నా లైటు నా మేకుకే తలిగిస్తుంటి. ఇరవై దినాలు దర్వాజ తీసే పెట్టిన తమ్మీ."

పాన్ డబ్బా దగ్గరి మలుపు నుంచి ఆయన వాకిలి కనబడుతుంది. తెరిచి ఉండటం నేను చూశాను. గాలికి తెరిచారనుకున్నాను.

పిల్లలూ, మా ఉస్తాద్ మంచివాడు. చెయ్యి కాలకూడదని చెప్పాడు, ఆ మాటలో తప్పు లేదు. నేనే దాన్ని ఎక్కడిదాకా పట్టుకోవాలో తెలుసుకోలేదు. చల్లారిన ఇంజన్‌లో ఆ తప్పు నాకు కనబడలేదు, చల్లారిన మనిషిలో కోపం కనబడదు, దాంతోపాటు ఆయన నా కోసం చూసిన చూపు కూడా కనబడదు. మీకు రేకు అవతల ఒక మనిషి ఉంటే, మాట అన్న రోజే పోండి. చెయ్యి కాలితే కాలుతుంది, నాలుగు రోజుల్లో మానుతుంది. నా మణికట్టు మీది మచ్చ ఇప్పుడు వెతికినా దొరకదు.

షెడ్డు నాలుగేళ్ల కిందట వదిలేశాను. కొత్తగా తీసుకున్నాయన నడుమ రేకు తీసేస్తుంటే మేకు మాత్రం అడిగి తెచ్చుకున్నాను. దాంతో చేసే పనేమీ లేదు. భాయ్ పండుగలకు ఫోన్ చేస్తాడు, నేనూ చేస్తాను. మోకాళ్ల గురించి, మనుమల గురించి మాట్లాడుకుంటాం. ఫోన్ పెట్టేశాక మా ఇంట్లో ఇంకాసేపు ఎవరూ నన్ను పలకరించరు.

ఆ రోజు పాలమూరులో ఆయన గల్లీ చివరిదాకా వచ్చి సాగనంపాడు. డ్రైవరు స్టార్ట్ చేసి నా కోసం ముందు తలుపు తెరిచాడు. నేను ఆ తలుపు వేసి, వెనక తలుపు తీసుకుని, ట్రయలుకు పోయినప్పుడు కూర్చునే చోటే కూర్చున్నాను. పిల్లగాడు అద్దంలో నన్ను ఒకసారి చూసి గేరు వేశాడు. ఇంజన్ చక్కగా నడిచింది, బ్యాటరీ బొమ్మ ఎక్కడా వెలగలేదు. ముందు సీటు రామన్నపేట దాకా ఖాళీగానే వచ్చింది.